మూడో మూపురం

మా వైపు ఏ దారికైనా చివర ముందే కనిపిస్తుంది. భట్టిప్రోలులో కాలవగట్టు ఎక్కి నిలబడితే పక్క ఊరి వాటర్ ట్యాంకు కనిపిస్తుంది. ఆ ట్యాంకు దగ్గరికి వెళ్తే ఆ పై ఊరిది కనిపిస్తుంది. మధ్యలో వరిచేలు, తాటిచెట్లు, అంతే. కనిపించినంత దూరం నడిస్తే చేరినట్టే. నేను పుట్టింది, పాఠాలు చెప్పింది, ముసలిదాన్నవుతున్నది ఈ బల్లపరుపు నేల మీదే. కొండ గురించి నాకు తెలిసిందల్లా ఒక్క సామెత, దూరపు కొండలు నునుపని. దగ్గరికి వెళ్ళాక ఏమవుతుందో ఆ సామెత పూర్తిగా చెప్పదు.

నేను లెక్కల టీచర్ని. బాపట్లలో పద్నాలుగేళ్ళు చేశాను, ఇప్పుడు తెనాలిలో చేస్తున్నాను. తప్పు లెక్క కనిపిస్తే చేతిలో ఎర్రపెన్ను ఉన్నా లేకపోయినా నోరు ఊరుకోదు. ఒక పెళ్ళిలో భోజనాలకి రెండొందలమంది వచ్చారని పెళ్ళికూతురి తండ్రి మురిసిపోతుంటే, విస్తళ్ళు లెక్కపెట్టి నూట అరవై అని చెప్పిన మనిషిని. యథార్థవాది లోకవిరోధి అని మావాళ్ళు నా మొహం మీదే అంటారు. చాలా ఏళ్ళు అది పొగడ్త అనే అనుకున్నాను.

అన్నయ్య నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. కాలవ మీద లస్కరు. పొద్దున్నే గట్టు వెంట సైకిల్ మీద వెళ్ళి, నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో గేజీ చూసి రాసుకుని, పైనుంచి వచ్చిన కబురునిబట్టి తూముల తలుపులు ఎత్తడమో దించడమో అతని పని. ముప్పై ఏళ్ళు అదే గట్టు. మా ఊరి దిగువన రేపల్లె వైపు ఉన్నవి శివారు భూములు. కాలవ చివర కాబట్టి వాళ్ళకి నీళ్ళు అందరికన్నా ఆఖరున వస్తాయి, ఒక్కో ఏడు రానేరావు. నారుమళ్ళు ఎండుతుంటే రైతులు గట్టు మీదికొచ్చి అన్నయ్య సైకిల్ పట్టుకునేవాళ్ళు.

"బాబాయ్, నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?"

"దుగ్గిరాల లాకులు దాటాయిరా. రేపో ఎల్లుండో మన దగ్గరుంటాయి."

ఎవరు అడిగినా అదే జవాబు. దుగ్గిరాల మాకు ఎగువన ఉంది. అక్కడి లాకులు దాటితే నీళ్ళు మా దారి పట్టినట్టే. నిజంగా దాటాయో లేదో అన్నయ్యకి చాలాసార్లు తెలియదు. అతనికి ముందు పనిచేసిన లస్కర్లూ అదే మాట చెప్పారు, వాళ్ళ ముందువాళ్ళూ అదే చెప్పి ఉంటారు. రైతులకీ ఆ సంగతి తెలుసు. తెలిసీ తలూపి ఇంటికి వెళ్ళేవాళ్ళు.

ఒకసారి నా ఎదుటే ఇది జరిగింది. రైతు అటు వెళ్ళగానే నేను ఊరుకోలేదు. "పొద్దున ఫోన్ చేస్తే పైవాళ్ళు నీళ్ళు ఇంకా వదల్లేదన్నారుగా. అంత మనిషికి అబద్ధం చెప్పడానికి సిగ్గు లేదా అన్నయ్యా?"

"అబద్ధమేంటే? ఎప్పుడో ఒకప్పుడు దాటతాయిగా. ఈ మాట వింటే ఆ మనిషి ఈ పూట అన్నం తింటాడు. నీ లెక్క చెబితే నీళ్ళూ రావు, వాడు అన్నమూ తినడు."

నేను మూతి తిప్పుకున్నాను. ఆ రోజు గెలిచింది నేనే అనుకున్నాను.

అన్నయ్యకి జబ్బు బయటపడింది మూడేళ్ళ కిందట. వదిన అప్పటికే పోయింది, పిల్లలు లేరు. తెనాలికి మా ఇంటికి తీసుకొచ్చేశాను. మా ఆయన ముందుగది ఖాళీ చేసి ఇచ్చారు. గుంటూరులో డాక్టరు గారు ఆరుసార్లు సెలైన్ ఎక్కించాలి, దాంతో అయిపోతుంది అన్నారు. ఆరుసార్లూ అయ్యాయి. జుట్టు పోయింది, ఆకలి పోయింది, మనిషి సగమయ్యాడు. రెండు నెలలు విరామం ఇచ్చి మళ్ళీ పరీక్షలు చేద్దామన్నారు. ఆ రెండు నెలల్లో ఒక ఉదయం కాఫీ తాగుతూ అన్నయ్య కొండెక్కాలని ఉందన్నాడు.

"తిరుపతి వెళ్దామా?" అన్నాను.

"తిరుపతి బస్సులో వెళ్ళి బస్సులో వచ్చాంగా."

"మంగళగిరి?"

"మెట్లుంటే అది కొండేంటే, మేడ. జీవితమంతా గట్టు మీద తిరిగాను. ఆరడుగుల ఎత్తు. ఒక్కసారి, నా కాళ్ళతో, మెట్లు లేని కొండ చివరిదాకా ఎక్కాలి. ఇంక పైన ఏమీ లేదనేచోట నిలబడాలి. పరీక్షలకి ముందే వెళ్ళాలి. ఆ తర్వాత నన్నెవరు ఎక్కనిస్తారు?"

అతను ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. డాక్టరు గారిని అడిగితే మెల్లగా నడవొచ్చు, అలిసిపోతే మాత్రం ఆగిపోవాలి అన్నారు. అన్నయ్య ఇంకో మెలిక పెట్టాడు. ముందు సముద్రం దగ్గరికి వెళ్ళాలట. "ఎత్తనేది సముద్రం నుంచే కదా కొలిచేది. మా కాలవల మీద లెవెల్ రాళ్ళన్నీ ఆ లెక్కే. సున్నా మీద కాలు పెట్టకుండా కొండెక్కితే ఎత్తు కింద జమ కాదు." అందుకని బాపట్ల రైలెక్కి సూర్యలంక వెళ్ళాం. పంచె మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని అలల్లో నిలబడ్డాడు. "సున్నా," అని నాకు వినపడేలా అరిచాడు. కాళ్ళు రెండూ వెదురు కర్రల్లా ఉన్నాయి. అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ మరుసటి వారం గుంటూరులో నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కాం. వినుకొండ దాటాక రైలు పట్టాలకి దూరంగా ఒక కొండల వరుస ఉంది. ఆ ఊరిపేరూ కొండపేరూ చెప్పను, చెబితే ఎవరైనా వెళ్ళి కొలిచి వస్తారేమోనని భయం. ముందురోజు లాడ్జిలో పడుకుని, తెల్లవారగానే ఆటోలో కొండ అడుగుకి చేరాం. స్టీలు బాక్సులో పులిహోర, రెండు నీళ్ళ సీసాలు, అతని మాత్రలు నా సంచిలో ఉన్నాయి.

అక్కడ ఒక గొర్రెల కాపరి వేపపుల్ల నములుతూ కనిపించాడు. పెద్దమనిషి. పైకి ఎంత దూరం అని అడిగాను.

"పోతా ఉండండమ్మా. అదే వచ్చిద్ది."

అన్నయ్యకి నవ్వాగలేదు. "చూశావా, ఈయన మా డిపార్ట్‌మెంటే!"

బాట మొదట్లో బాగానే ఉంది. బలుసు పొదలు, ఎండుగడ్డి, కాలికింద జారే చిన్న రాళ్ళు. అన్నయ్య ఇరవై అడుగులు వేసి ఆగేవాడు, ఊపిరి తీసుకుని మళ్ళీ ఇరవై. నేను వెనక నడిచాను, పడితే పట్టుకుందామని. పైన కొండకొమ్ము నీలంగా ఆకాశానికి ఆనుకుని కనిపిస్తోంది. అదే చివర అనుకున్నాం. మా కళ్ళు అలా అలవాటు పడ్డాయి, కనిపించేదే చివర. గంటకి పైగా ఎక్కి అక్కడికి చేరితే, ముందు చిన్న పల్లం, దాని అవతల ఇంకో ఎత్తు ఉంది.

"ఎద్దు మూపురంలా ఉందే ఇది," అన్నాడు అన్నయ్య. "దీని వెనకది అసలు కొండన్నమాట."

రెండో మూపురం కూడా అంతే చేసింది. అక్కడికి చేరేసరికి అతని పెదాలు తెల్లబడ్డాయి. దిగిపోదామన్నాను. తల అడ్డంగా ఊపాడు. నా మీద చెయ్యి వేసి లేచాడు. ఆ చేతికి బరువే లేదు. "కనపడుతోందిగా, అదిగో. ఇంకెంత," అన్నాడు. అది రైతులకి చెప్పే గొంతు. ఈసారి చెప్పుకుంటున్నది తనకే అని తెలుస్తూనే ఉంది.

మూడోదాని మీదికి చేరేసరికి పదకొండు దాటింది. పైన చదునైన నల్లరాయి, మూడు వైపులా నిలువెత్తు పొదలు, విపరీతమైన గాలి. తూర్పు వైపు భూమంతా పొగమంచులో కలిసిపోయింది. అన్నయ్య రాయి మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. తలగుడ్డ తీశాడు. జుట్టులేని తల మీద ఎండ పడింది.

"ఇదేనే," అన్నాడు. "ఇంక పైన ఏమీ లేదు."

తూర్పుకి చెయ్యి చూపించి అదిగో మన తెనాలి, అది రేపల్లె, అంటూ పొగమంచుని వేలితో చూపించాడు. అక్కడేమీ కనిపించడం లేదు. తర్వాత రాయి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా సంచిలోంచి పులిహోర బాక్సు తనే తీశాడు.

"ఆకలేస్తోందే."

నాలుగు నెలలుగా ఆ నోటినుంచి నేను వినని మాట అది. ముద్ద కలిపి చేతిలోకి తీసుకున్నాడు. ఉండు, ఫోటో తీస్తాను, కొండ మీద అన్నం తింటున్నట్టు వస్తుంది అన్నాను. మనిషీ రాయీ ఆకాశం అన్నీ పట్టాలని ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి జరిగాను. పొదలు దాటి ఒక బండ ఎక్కాను. అక్కణ్ణుంచి అతని తల మీదుగా నాలుగోది కనిపించింది. మేమున్నదానికన్నా ఎత్తు. పొదల వెనక దాక్కుని ఉంది, అతను కూర్చున్నచోటు నుంచి కనిపించదు.

ఆ క్షణం ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కల టీచర్నైనా లెక్క చెప్పలేను. ఫోటో తీసి ఫోను సంచిలో వేసుకుంటే అయిపోయేది. అతను ఆ ముద్ద తినేవాడు. మంచి మనసుతోనే చెప్పానని చాన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను, తర్వాత తెలిస్తే బాధపడతాడని చెప్పానని. అదేం కాదు. తప్పు జవాబుకి టిక్కు పడుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాలేదు, అంతే.

"అన్నయ్యా, ఇది కాదు. వెనకాల ఇంకోటుంది. అదే చివర."

అతను నావైపు చూశాడు. వెనక్కి తిరగలేదు. చేతిలో ముద్ద బాక్సులో పెట్టేశాడు. చెయ్యి దులుపుకుని మూత పెట్టి, గట్టిగా నొక్కాడు.

"ఎంత దూరం ఉంటుంది?"

"అరగంట."

"పద అయితే."

పొదలు దాటి నలభై అడుగులు నడిచాడు. అక్కడ మోకాలు మడతపడి కూర్చుండిపోయాడు. వాంతి చేసుకున్నాడు. నీళ్ళు తాగించాను. నాలుగోదాన్ని అప్పుడు చూశాడు, నేలమీద కూర్చుని, చాలాసేపు. ఎండలో అది దగ్గరగానే ఉన్నట్టు కనిపిస్తోంది.

"నువ్వు లెక్కల పంతులమ్మవే," అన్నాడు చివరికి. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

దిగడానికి నాలుగు గంటలు పట్టింది. కాపరి, ఇంకొకాయన కలిసి చివర్లో ఎత్తుకుని దింపారు. పులిహోర ఇంటికొచ్చేసరికి పాచిపోయింది. బాక్సు తోముతూ నేను ఏడిస్తే, మా ఆయన ఏమైందని అడిగారు. ఏం లేదన్నాను. ఎంత నిజాయితీగల దాన్నో చూడండి.

పరీక్షల్లో జబ్బు తగ్గలేదని తేలింది. ఇంకో ఆరు సెలైన్లు, దీంతో అయిపోతుందన్నారు. అవీ అయ్యాయి. తర్వాత మాత్రల కోర్సు, ఇదే ఆఖరన్నారు. డాక్టరు గారినేమీ అనను, ఆయనా కనిపించిన ఎత్తు చూసి ఇదే చివర అని చెబుతున్న మనిషే. చూడ్డానికి వచ్చినవాళ్ళకి అన్నయ్య కొండ కథ చెప్పేవాడు. "అరగంటలో తప్పిపోయిందండి. నేను మూడోదే చివరనుకున్నాను. మా చెల్లి చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎక్కేశానని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి." వాళ్ళు నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. నేను లోపలికి వెళ్ళి మజ్జిగ కలిపేదాన్ని.

ఏప్రిల్‌లో, వేసవి కదా, కాలవలకి నీళ్ళు కట్టేశారు. అప్పటికి అన్నయ్య మంచం దిగడం లేదు. ఒక మధ్యాహ్నం కిటికీ వైపు చూస్తూ, "ఈ మాత్రలతో అయిపోతుందంటావా?" అన్నాడు.

రిపోర్టులు అన్నీ నేనే చదివాను. అంకెలు ఎటు వెళ్తున్నాయో నాకు తెలుసు. మాత్రల చీటీ మడతపెట్టి పెట్టెలో పెట్టాను.

అతను నన్ను చూసి, చిన్నగా నవ్వాడు. "దుగ్గిరాల లాకులు దాటాయనవే. ఒక్కసారి."

నిజం చెబుతున్నాను, నోరు తెరిచాను, మాట రాలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకు, పడుకో అన్నయ్యా," అని దుప్పటి సర్దాను. అతను మళ్ళీ అడగలేదు. మే నెలలో, కాలవలో చుక్క నీరు లేనప్పుడు పోయాడు.

ఆ చలికాలం నేనొక్కదాన్నే కొండకి వెళ్ళాను. అతను ఎక్కలేని నాలుగోది ఎక్కి, అతని పేరు మీద అక్కడ నిలబడి వద్దామనుకున్నాను. ఇంట్లో బడి పని అని చెప్పాను. అప్పటికి చిన్న అబద్ధాలు వస్తున్నాయి నాకు. స్టీలు బాక్సులో పులిహోర పట్టుకెళ్ళాను. కొండ అడుగున కాపరి నన్ను గుర్తుపట్టాడు.

"పెద్దాయన బాగున్నాడా?"

"పోయాడండి."

వేపపుల్ల తీసి పక్కన పడేశాడు. నేను పైకి బయల్దేరాను.

మూడో మూపురం మీద అతను కూర్చున్న నల్లరాయి అలాగే ఉంది. దాన్ని చుట్టి పక్కనుంచి వెళ్ళాను, తొక్కబుద్ధి కాలేదు. నాలుగోదానికి నా లెక్కలో అరగంట. గంటన్నర పట్టింది. మా నేల మీద నా కంటికొలత ఎన్నడూ తప్పలేదు. అక్కడ మధ్యలో లోయ ఉంటుందని, దిగి మళ్ళీ ఎక్కాలని, మా నేల మీద పెరిగిన కంటికి ఎలా తెలుస్తుంది? మోచేతులు గీరుకుపోయి, చెప్పు తెగి, ఎట్టకేలకి పైకి చేరాను.

అవతల ఐదోది ఉంది. దానికన్నా ఎత్తు. దాని వెనక కూడా ఏదో నీలంగా ఉంది, మబ్బో కొండో తెలియలేదు.

కూలబడిపోయాను. నేను చివర అని చూపించింది చివర కాదు. అతని జవాబు కొట్టేసి నేను రాసిన జవాబూ తప్పే. అతను చచ్చేదాకా నా తప్పు లెక్కని నమ్మి, అరగంటలో తప్పిపోయిందని అందరికీ చెప్పుకుని నవ్వాడు. ఒక మనిషి సంతోషంగా కూర్చుని తినబోతున్న ముద్దని ఇంతదానికోసం దింపించాను. గట్టిగా ఏడ్చాను. అక్కడ వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి సిగ్గుపడాల్సిన పనీ లేకపోయింది.

ఐదోదానికి వెళ్ళలేదు. మూడోదానికి తిరిగొచ్చి, రాయి పక్కన నేలమీద కూర్చుని బాక్సు తెరిచాను. నాలుగు మెతుకులు కూడా దిగలేదు. మిగిలింది రాయి మీద పెట్టి వచ్చేశాను.

ఆ పై జూన్ నెలాఖరులో అన్నయ్యకి రావాల్సిన పింఛను బకాయిల కాగితాల పనిమీద భట్టిప్రోలు వెళ్ళాను. పని తెమిలేసరికి పొద్దు వాలింది, బస్సు కోసం కాలవగట్టు మీద నిలబడ్డాను. కాలవలో పిచ్చిమొక్కలు మొలిచి ఉన్నాయి. రేపల్లె వైపు నుంచి ఒక ముసలి రైతు సైకిల్ నడిపించుకుంటూ వచ్చి, నన్ను చూసి ఆగాడు.

"నువ్వు మా లస్కరు చెల్లెలివి కదమ్మా?"

"అవునండి."

"మహానుభావుడు. నారుమడి పోసి తొమ్మిది రోజులైందమ్మా. ఎండిపోతోంది. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో నీకేమన్నా తెలుసా?"

నాకేం తెలుస్తుంది? తెనాలినుంచి వస్తూ బస్సులోంచి చూశాను, దారి పొడవునా కాలవ ఎండిపోయే ఉంది.

"దుగ్గిరాల లాకులు దాటాయంటండి," అన్నాను. "రేపో ఎల్లుండో వచ్చేస్తాయి."

అతను నా మొహంలోకి చూశాడు. తల ఊపాడు. "అంతేలేమ్మా," అని సైకిల్ తిప్పుకుని, వచ్చిన దారినే ఇంటికి వెళ్ళాడు.

ఇంత తేలికని నాకు తెలియదు. మూడు మాటలు. ముక్కూమొహం తెలియని మనిషికి తడుముకోకుండా చెప్పాను. మా అన్నయ్య మంచంలో పడుకుని నోరు తెరిచి అడిగితే చెప్పలేకపోయాను.